ఆరడుగుల లోపు

ఊటలోవ పందిరి, ముప్పై ఏడో వరుస దినచర్య పుస్తకం
రాసేది: బొడ్డు నూకరత్నం, తుడుపు జట్టు

412వ కడుగు, రెండో రోజు
పలకలు: 71. నీళ్ళు: పన్నెండు డబ్బాలు. దుమ్ము: తుడిచాను.

బోర్డు వాళ్ళకు కావలసింది పైనున్న ఆ ఒక్క గీత. దాని కింద ఇంత జాగా ఎందుకు వదిలారో నాకు తెలియదు. పదేళ్ళుగా నేను అందులో రాస్తున్నాను, వాళ్ళు చదవడం లేదు. ఇద్దరికీ హాయిగా ఉంది. ఈవేళ రాసింది మాత్రం ఎవరైనా చదివితే బాగుండును.

పొద్దున్న ఎత్తుల ఇన్‌స్పెక్టర్ నిరంజన్ గారు పందిరి కిందికి దిగారు. బోర్డు మనిషి కిందికి దిగడం నేను చూడటం ఇదే మొదలు. ఎండని కరెంటు చేసే పలకలు పందిరి పైన ఉంటాయి, లెక్కలూ పైనే ఉంటాయి, కింద చీకటీ, పలకలు కడిగిన నీళ్ళు కారే చప్పుడూ, మేమూ ఉంటాం. ఆయన టేపు పట్టుకుని తిన్నగా నా తోటలోకి వచ్చి పెద్దాకు మొక్క పక్కన నిలబడ్డారు. పెద్దాకు అని మేము పెట్టుకున్న పేరే. దాని అసలు పేరు ఇక్కడెవరికీ తెలియదు.

ఆయనకు అందలేదు. నిచ్చెన అడిగి వేయించుకున్నారు. తొమ్మిదడుగుల రెండంగుళాలు వచ్చింది. పక్కనున్న చిన్నది ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. పందిరి కింద ఆరడుగులు దాటి ఏదీ ఉండకూడదట. పలకల అడుగున గాలి ఆడాలి, ఆడకపోతే పలకలు వేడెక్కుతాయి, అందుకని రూలు.

"తీసేయమనడం లేదమ్మా. ఆరడుగుల దగ్గర కొంచెం ట్రిమ్ చేయించండి, చాలు" అన్నారు. మర్యాదగానే అన్నారు.

"ఇది మందారం కాదు బాబూ. దీనికి కొమ్మల్లేవు. కొత్తాకు వస్తే ఆ నెత్తిలోంచే రావాల. నెత్తి నరికేస్తే ఇంకేటుంటాది?"

అయితే దీన్ని తీసేసి పిల్ల మొక్కని పెట్టుకోమన్నారు. పిల్ల మొక్కల్లేవు. పదేళ్ళలో ఒక పువ్వు పూయలేదు, కాయ కాయలేదు, పక్కన పిలక లేవలేదు. ఉన్నవి రెండే. ఆ మాట చెప్తుంటే ఎందుకో నాదే తప్పన్నట్టు సిగ్గేసింది. ఆయన కాగితం రాసిచ్చారు. 418వ కడుగు ఆఖరి రోజు గడువు. ఒక వరుస మొత్తం కడగడానికి తొమ్మిది రోజులు పడుతుంది, అది ఒక కడుగు. పందిరి కింద నెలలు ఎవరూ అడగరు, కడుగులే అడుగుతారు.

రెండు నెలలన్నమాట.

412వ కడుగు, ఐదో రోజు

మూడు రోజులుగా కోపం దిగలేదు. అది దిగేలోపల మొదటి సంగతి రాసి పెడతాను.

ముప్పై ఏడో వరుసకి స్తంభాలు పాతినప్పుడు నేను మట్టి ఎత్తే పనిలో ఉన్నాను. ఇది గెడ్డ పక్కన, వాగు నీరు ఊరే పల్లం. గోతుల్లోంచి తీసిన బురదలో జానెడేసి మొక్కలు రెండు కనిపించాయి. తీసి పక్కన పెట్టాను. మేస్త్రి చూసి, పందిరి కింద ఎండ రాదు, చచ్చిపోతాయిలే అన్నాడు. నాకు ఎవరైనా చచ్చిపోతాయిలే అంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడే పాతేశాను.

తరవాత తెలిసింది, వాటికి ఎండ అక్కర్లేదని. ఎండే పడదని. ఈ కొండల్లో చెట్ల నీడన, గెడ్డల అంచున పుట్టిన జాతి. లోవలో ఎండంతా బోర్డు పట్టుకుపోయింది. ఎండ అక్కర్లేనిది ఒకటి నాకు దొరికింది.

పందిరి కింద చెట్లు లేవు గనక కుళ్ళిన ఆకు లేదు. సెలవు రోజున గట్టు దాటి వెళ్ళి, కడుగు డబ్బాలో ఆకు కుళ్ళు నింపుకుని నెత్తిన పెట్టుకుని తెచ్చేదాన్ని. కొబ్బరి పీచు, పొయ్యి బొగ్గు నలగ్గొట్టి కలిపాను. నీటికి లోటు లేదు, రెండు పలకల మధ్య సందులోంచి కడుగునీరు బొట్టుబొట్టుగా మొదట్లోకే పడుతుంది. కొత్తాకు జంతిక చుట్టలాగా నెత్తిలోంచి లేచి, నెమ్మదిగా విప్పుకుని, చివరికి నేను రెండు చేతులు చాచినా అందనంత వెడల్పు అవుతుంది. బయట గట్టు మీద గడ్డి ఎండిపోయే రోజుల్లోనూ ఇది పచ్చగానే ఉంటుంది. ఏడాదిలో ఒక్కరోజు కూడా ఆకు రాల్చి మొండిగా నిలబడలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పక్క వరుసల వాళ్ళంతా కేరేజీలు పట్టుకుని దీని కిందికే వస్తారు. నీడలో మళ్ళీ నీడెందుకని నవ్వేవాళ్ళు కూడా వస్తారు.

మా జట్టులో ఒక ఆచారం ఉంది. అది సన్యాసప్ప పెట్టింది. సన్యాసమ్మ నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకే అప్ప అంటాను, ఈ వరుసలో మొదటి కడుగు నుంచీ నా జోడీ. పైన పలకలు తుడవడం అయ్యాక, అదే మెత్తగుడ్డ వేప సబ్బు నీళ్ళలో ముంచి, పెద్దాకు రెక్కలన్నీ పైనా కిందా తుడవాలి. అప్పుడే అన్నం. ముఖ్యంగా ఆకు అడుగున. నాలుగో ఏట, ఇంకా నా భుజం ఎత్తయినా లేనప్పుడే, దాని ఆకుల అడుగున గోధుమ రంగు చుక్కలు లేచాయి. కుట్టు వేసినట్టు వరుసగా ఉంటాయి. తెగులు. అప్పటినుంచీ కడుగు తప్పకుండా తుడుస్తున్నాం. మళ్ళీ వస్తాయి, మళ్ళీ తుడుస్తాం. వేరే వరుసల వాళ్ళు వచ్చి చూసి, మీ పలకలకంటే మీ ఆకులే శుభ్రంగా ఉన్నాయంటారు. ఉండవా మరి, తుడుపు మా కులవిద్య కదా.

413వ కడుగు, నాలుగో రోజు
పలకలు: 71. నీళ్ళు: పన్నెండు డబ్బాలు. దుమ్ము: తుడిచాను.

దాలినాయుడు ఒక ఉపాయం చెప్పాడు. పలకల మీద గీతలు పడ్డాయేమో చూసే పని అతనిది. నుదుటి మీద భూతద్దం పట్టీ ఎప్పుడూ ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా తీయడు. అతనన్నది ఏమిటంటే, మొక్క ఎత్తు తగ్గించలేకపోతే నేల ఎత్తు తగ్గించమని. మూడడుగుల గొయ్యి తవ్వి మొక్కని అందులోకి దింపితే, టేపుకి మూడడుగులు తక్కువ చూపిస్తుంది.

ముందు చిన్నదాన్ని దింపుదాం, అది బతికితే పెద్దదానికి ఇంకాస్త లోతు తవ్వుదాం అనుకున్నాం. ఎనిమిదిమందిమి పట్టాం. వేళ్ళ మట్టి రాలకుండా గోనెపట్టా కట్టి, బిడ్డను దించినట్టు దించాం. కొలిస్తే మూడడుగుల ఎనిమిది అంగుళాలు. సన్యాసప్ప అందరికీ టీ పెట్టింది. నిరంజన్ గారి మొహం ఎలా ఉంటుందో దాలినాయుడు చేసి చూపించాడు. చాలా రోజుల తరవాత కడుపారా నవ్వాం.

415వ కడుగు, మొదటి రోజు

చిన్నది చచ్చిపోయింది.

గొయ్యి తవ్వినవాళ్ళకి నీరు పల్లానికి పోతుందని తెలియదా? తెలుసు. అయినా తోచలేదు. పై నుంచి కారిన కడుగునీరంతా గోతిలో చేరి మాను చుట్టూ నిలిచిపోయింది. ఆరు రోజుల కిందట నెత్తిలోని చుట్టలు నల్లబడ్డాయి. నిన్న వేలు పెడితే మెత్తగా లోపలికి దిగింది. వాసన వచ్చింది.

బోర్డు చంపింది అని రాద్దామనుకుని కలం పట్టాను. కాదు. బోర్డు పెద్దదాన్ని చంపబోతోంది. చిన్నదాన్ని నేను చంపాను. ఆ మాట ఇందులో ఉండాలి.

పైకి తీసి ఆకులు కోశాం. అడుగున చుక్కలు నిండుగా ఉన్నాయి. చేతిలో గుడ్డ ఉంది గనక అలవాటుగా తుడవబోయాను. సన్యాసప్ప చెయ్యి పట్టుకుంది.

"ఒలే, సచ్చినదానికి తుడుపెందుకే? వొగ్గీ."

వదిలేశాను. ఆకుల్ని సామాన్ల కొట్టులో, పలకలు ఆరబెట్టే తెల్లదుప్పటి మీద పరిచి వచ్చాం. పారేయడానికి మనసు ఒప్పలేదు.

415వ కడుగు, మూడో రోజు

జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్న దుప్పటి కావలసి వచ్చి కొట్టు తీశాం. ఆకులు ఎండి ముడుచుకున్నాయి. ఎత్తి పక్కన పెడితే దుప్పటి నిండా గోధుమరంగు దుమ్ము. నేనూ సన్యాసప్పా చెరో రెండు కొసలు పట్టుకున్నాం. దుమ్ము కనిపిస్తే దులపడం మాకు ఆలోచించి చేసే పని కాదు. చేతులు పైకి ఎత్తేశాం కూడా. అప్పుడు నిచ్చెన కోసం వచ్చిన దాలినాయుడు గుమ్మంలోంచి ఆగమన్నాడు.

దించి చూశాం. దుమ్ము చిందరవందరగా లేదు. ఏ ఆకు ఎక్కడ పరిచామో అక్కడ ఆ ఆకు బొమ్మ పడి ఉంది. నడిమి ఈనె, అటూ ఇటూ రెక్కలు, ప్రతి రెక్కా విడివిడిగా, ఎవరో కూర్చుని గీసినట్టు. దాలినాయుడు మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం కంటికి దించుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ లోవలో వాలిన దుమ్మంతా చూసిన మనిషి. రోడ్డు దుమ్ము, సిమెంటు, ఎర్రమన్ను, బూడిద, తుపానుకి సముద్రం నుంచి కొట్టుకొచ్చే ఉప్పు, అన్నీ చూడగానే చెప్తాడు. చాలాసేపు లేవలేదు.

"అప్పా, ఇది దుమ్ము కాదు" అన్నాడు చివరికి. "దుమ్ములో ఒక గింజ పెద్దది, ఒకటి సిన్నది ఉంటాది. మొనలుంటాయి, అందుకే గాజు గీస్తాది. ఇయ్యన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఎవులో కావాలని సేసినట్టున్నాయి."

పట్టీ తీసి నా కంటికి పెట్టాడు. చూశాను. చెప్పలేనన్ని గింజలు, అన్నీ ఒక్కలాంటివే.

మధ్యాహ్నం అతను బడి పిల్లల పాత పుస్తకం ఒకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. అందులో బొమ్మ ఉంది. చెట్టు ఫెర్న్ అని రాసి ఉంది. ఈ జాతికి పువ్వుండదు, కాయుండదు, విత్తుండదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలుంటాయి. వాటిలోని పొడి గాలికి రాలి, తడి నీడ దొరికిన చోట మొలుస్తుంది. అంతే రాసి ఉంది, నాలుగు వాక్యాలు. నేను పదిసార్లు చదివాను.

తెగులు కాదు. అవే పిల్లలు. ఆరేళ్ళపాటు, కడుగు తప్పకుండా, అన్నం తినేముందు, మెత్తగుడ్డతో, వేప సబ్బుతో, మా చేతులతో మేమే తుడిచి కాలవలో పోశాం. పిల్లల్లేవని ఇన్‌స్పెక్టరు ముందు తల దించుకున్నాను. ఈ కొండల్లో ఇంకెవరి చేతిలో పడినా ఆ చుక్కల్ని పట్టించుకునేవాళ్ళు కాదు, ఈపాటికి గెడ్డ పొడుగునా అడవి అయ్యేది. శుభ్రం తెలిసిన చేతుల్లో పడింది, దాని ఖర్మ.

సన్యాసప్ప గోడకు చేరబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఎంత బుద్ధిమంతులమే మనం" అంది. ఆ తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

416వ కడుగు, రెండో రోజు
పలకలు: 71. నీళ్ళు: పన్నెండు డబ్బాలు. దుమ్ము: పలకల మీదది తుడిచాను.

దుప్పటి మడిచి పట్టుకుని బోర్డు ఆఫీసుకి వెళ్ళాను. నిరంజన్ గారు నిజంగానే చూశారు. బల్ల మీద కాగితాలు జరిపి, దుప్పటి పరచమని చెప్పి, వంగి చూశారు. తొమ్మిదో తరగతిలో ఇది చదువుకున్నానని, పరీక్షలో బొమ్మ కూడా వేశానని చెప్పారు. పిల్ల మొక్కని పెట్టుకోమని నాతో అన్న మనిషి ఈయనే. తిట్టాలనిపించింది, కానీ మరిచిపోయిన చదువుకి తిడితే లోకంలో ఎవరు మిగులుతారు?

పన్నెండు కడుగులు గడువు కావాలన్నాను. దాలినాయుడు వాకబు చేసిన లెక్కన, ఈ పొడి మొలిచి పచ్చపొర కట్టడానికి యాభై రోజులు, మొదటి ఆకు రావడానికి ఇంకో యాభై. అంతవరకూ తల్లిని ఉంచమన్నాను. కుదరదన్నారు. గడువు తనది కాదని, పై నుంచి వచ్చిందని అన్నారు. ఆ పైవాళ్ళని ఒకసారి కిందికి దిగమనండి అంటే, ఆయన చిన్నగా నవ్వారు. వాళ్ళు ఊటలోవకే ఎప్పుడూ రాలేదట. ఒక తొట్టిలో జల్లి ఇంటికి పట్టుకెళ్ళి పెంచుకోమని సలహా ఇచ్చారు. మంచి మనసుతో ఇచ్చిన సలహానే. ఇంట్లో దాచుకోవడానికి ఇదేమన్నా దొంగసొత్తా? ఇది ఇక్కడి మొక్క. ఈ లోవ దానిది. పందిరీ, బోర్డూ తరవాత వచ్చాయి.

తిరిగొస్తుంటే ఒకటి తోచింది. సన్యాసప్పకి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మొక్కై వంగనిది మానై వంగుతుందా అని నా గురించే సామెత వేసింది. తరవాత కాగితాలు వెతకడానికి లేచింది.

417వ కడుగు, ఏడో రోజు

పెద్దాకుని మూడు కడుగులుగా తుడవలేదు. కింది ఆకులు ఎనిమిది కోశాం, దాని ప్రాణానికి వాటితో పనిలేదు. దుప్పట్ల మీద పరిచాం. పొడిని పాత లెక్క కాగితాల్లో చిటికెడు చిటికెడుగా పొట్లాలు కట్టాం. అరవై వరుసలకి అరవై పొట్లాలు.

పొద్దున్న డబ్బాలు నింపుకోవడానికి అన్ని వరుసల వాళ్ళూ పెద్ద తొట్టి దగ్గరికి వస్తారు. అక్కడ చెప్పాను. చుక్కల సంగతీ, మా తెలివితక్కువ సంగతీ, గడువు సంగతీ దాచకుండా చెప్పాను. నవ్వేవాళ్ళు నవ్వారు. కడుగు డబ్బాలో ఈ పొట్లం విప్పి పోయండి, పలకల మీదనుంచి నీరు సందుల్లోంచి దిగి కింద నేలకే చేరుతుంది, అంతకంటే మీరేం చేయక్కర్లేదు అన్నాను. తొమ్మిదో వరుస వాళ్ళు, ఇది రూలుకి ఒప్పుతుందా అని అడిగారు. నేను జవాబు వెతుక్కుంటుంటే సన్యాసప్ప డబ్బా కింద పెట్టింది.

"మన పనేటి? మీదున్న దుమ్ముని కిందికి దింపడం. ఇన్నేళ్ళూ అదే సేసినాం. రేపూ అదే సేస్తాం. అందులో తప్పేటుంది?"

నలభై మూడు పొట్లాలు పోయాయి. పదిహేడు మిగిలాయి. తీసుకోనివాళ్ళ మీద నాకు కోపం లేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. ఉంది.

418వ కడుగు, ఆఖరి రోజు

పొద్దున్న తొమ్మిదింటికి వచ్చారు. నిరంజన్ గారు, రంపంతో ఇద్దరు మనుషులు. నిచ్చెన అడిగారు. మాది ఇవ్వనన్నాను. ఆఫీసు నుంచి తెప్పించుకున్నారు, అందుకు గంట పట్టింది. ఆ గంటసేపూ నేను దాని మొదట్లో కూర్చున్నాను. గుడ్డ తేలేదు.

రంపం చప్పుడు ఎంతోసేపు లేదు. దాని మాను గట్టిది కాదు, లోపలంతా పీచు. తల కింద పడ్డాక రంపం మనిషి దాన్ని కాలితో తిప్పాడు. నెత్తి మధ్యలో, బంగారు రంగు నూగు కప్పుకుని, ఇంకా విప్పని చుట్టలు ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. అప్పటిదాకా ఏడవలేదు. అవి చూసి ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం.

నిరంజన్ గారు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. "మొక్క ఎత్తు సరిచేయబడినది" అని అచ్చు వేసి ఉంది. ఆ మాట కొట్టేసి పైన "మొక్క నరికి చంపబడినది" అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

"ఇలా రాస్తే మిమ్మల్ని ఈ వరుసలో ఉంచరమ్మా" అన్నారు మెల్లగా.

"మీరు సేసినదే రాసినాను. తప్పుంటే సెప్పండి, దిద్దుతాను."

ఆయన కాగితం చూశారు, కింద పడ్డ తల చూశారు. దిద్దమనలేదు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక్క సంగతి రాయాలి. రంపం ఆగాక నిశ్శబ్దమవుతుందనుకున్నాను. కాలేదు. చుట్టూ వరుసల్లో కడుగు జరుగుతోంది, నలభై మూడు వరుసల్లోనూ సందుల్లోంచి నీరు బొట్టుబొట్టుగా దిగుతోంది. నేను లేచి నిలబడి విన్నాను.

421వ కడుగు, మూడో రోజు
పలకలు: 71. నీళ్ళు: ఎనిమిది డబ్బాలు. దుమ్ము: పలకల మీదది తుడిచాను.

పొమ్మనలేక పొగబెట్టినట్టు నన్ను తొమ్మిదో వరుసకి మార్చారు. లోవ పై అంచున, గెడ్డకి దూరంగా, ఎర్రదుమ్ము ఎక్కువ, నీళ్ళు తక్కువ. పుస్తకం నాతోనే తెచ్చుకున్నాను. అట్ట మీద 37 కొట్టేసి 9 వేశాను. తొట్టి దగ్గర రూలు అడిగినవాళ్ళే ఇప్పుడు నా జట్టు. మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు నా డబ్బాలోకి నేను పొట్లం విప్పుతుంటే చూసి, పక్కకి తిరిగారు. చూడనట్టు పక్కకి తిరగడం కూడా సాయమే.

425వ కడుగు, ఆరో రోజు

ఏమీ లేదు. స్తంభాల కింద సిమెంటు దిమ్మెల మీద పాచి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ముప్పై ఏడులో ఆరడుగుల మోడు నిలబడే ఉంది. సన్యాసప్ప దాన్ని పీకనివ్వడం లేదట. రూలు ప్రకారమే ఉంది కదా అంటోందట. దానికి తల లేదు, అంతే.

దాలినాయుడు వారానికోసారి వచ్చి భూతద్దంతో దిమ్మెలు చూస్తున్నాడు. పాచే అంటాడు. పోనీలే అప్పా అనబోయి, నా మొహం చూసి ఆపేస్తాడు. ఈవేళ నాకూ భయమేసింది. ఆరేళ్ళు తుడిచిన చేతుల మీద, నలభై పైచిలుకు పొట్లాలు జల్లినంత మాత్రాన ఆ మొక్క దయ చూపించాలని ఎక్కడుంది?

430వ కడుగు, ఎనిమిదో రోజు

రెండు కడుగుల నుంచీ తెలుసు. రాస్తే పోతుందేమోనని రాయలేదు. ఈవేళ రాస్తాను.

పాచిలోంచి వేరే పచ్చదనం లేచింది. చిటికెనవేలి గోరంత పొలుసులు, నేలకి అంటుకుని, ఒకదాని మీద ఒకటి. ముందు ముప్పై ఆరులో, తరవాత నలభైలో, తరవాత వరసపెట్టి. దిమ్మెల మీద, తూముల అంచున, బొట్టు పడే ప్రతి చోటా. పోయిన కడుగులో ఆ పొలుసుల అడుగునుంచి వెంట్రుకంత కాడ మీద మొదటి ఆకు లేచింది. చుట్ట చుట్టుకునే లేచింది. దాలినాయుడు ఈ పది రోజుల్లో అరవై వరుసలూ తిరిగాడు. నలభై ఒక్క వరుసల్లో ఉంది. నా తొమ్మిదిలోనూ ఉంది, ఈ కరువు వరుసలో, మూడు దిమ్మెల మీద. తొమ్మిదో జట్టు వాళ్ళు వాటి చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నారు.

ఎవరో ఫిర్యాదు రాసినట్టున్నారు, ఈవేళ నిరంజన్ గారు మళ్ళీ వచ్చారు. టేపు తెచ్చారు. దిమ్మె ముందు నిలబడి నా వైపు చూశారు. తొక్కుతారేమో చూసి రండి అన్నాను. ఆయన ప్యాంటు పైకి లాక్కుని తడినేల మీద మోకాళ్ళూని కూర్చున్నారు. టేపు అంచు ఆ కాడ పక్కన పెట్టడానికి రెండుసార్లు ఊపిరి బిగబట్టారు.

ఎంతుందని అడిగాను. పావు అంగుళం అన్నారు.

రాసుకోమన్నాను.

"ఎన్ని వరుసల్లో ఉన్నాయమ్మా?"

"నలభై ఒకటి."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. "ఇవి పెరుగుతాయి కదా" అన్నారు తరవాత.

"పెరుగుతాయి బాబూ. ఆరడుగులు దాటినాక రండి. మీరు కాకపోతే మీ తరవాతోళ్ళు వస్తారు. కాకపోతే ఒక్కటి. ఇది నా భుజం ఎత్తు రాకముందే సుక్కలేస్తాది. మీ టేపుకి అందేసరికి దీని పిల్లలు ఎక్కడెక్కడుంటాయో నాను సెప్పలేను."

ఆయన ఆ మాట విని లేవకుండా అలాగే కూర్చున్నారు. ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపారు. నేను పై నుంచి చూస్తూ చదివాను. మొక్క ఎత్తు అన్నచోట "ఆరడుగుల లోపు" అని రాశారు. తీసుకోవలసిన చర్య అన్నచోట, ఏమీ లేదన్నట్టు, అడ్డగీత గీశారు. సంతకం పెట్టి, లేచి, మోకాళ్ళకంటిన బురద దులుపుకోబోయి ఆగారు. అలాగే వెళ్ళిపోయారు.

సాయంత్రం పని దిగేముందు ముప్పై ఏడుకి వెళ్ళాను. మోడు మీద, దాని నల్లటి పీచులో, భుజం ఎత్తున ఏడు చోట్ల పచ్చగా లేచి ఉంది. దాని పిల్లలే, దాని మీదే. సన్యాసప్ప చేతిలో మెత్తగుడ్డ ఉంది. నన్ను చూసి, ఇక్కడ దీనితో పని లేదన్నట్టు, దాన్ని నా భుజం మీద వేసింది.

పలకలు: 71. నీళ్ళు: ఎనిమిది డబ్బాలు. దుమ్ము: ఉంది. తుడవలేదు.